వేలు పడింది, హాజరు పడలేదు

మా అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఆగిపోయింది. పరీక్ష తప్పి కాదు, రాయనివ్వక. ఊళ్ళో ఈ రెండింటికీ తేడా తెలిసినవాళ్ళు లేరు. నేను చెప్పబోతే సగంలోనే తల తిప్పేస్తారు. అందుకే ఒకసారి మొదటినుంచీ చెప్పి రాయిస్తున్నాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. రాసేది మా చర్చి సంఘంలో టీచరమ్మ. నా మాటలు సర్దొద్దమ్మా అన్నాను. సర్దుతూనే ఉంది. కానివ్వండి.

మాది దివిసీమలో కోడూరు వైపు. సొంత పొలం లేదు. మా ఆయన కౌలుకి చేసేవాడు, నేను కూలికి వెళ్ళేదాన్ని. ఉప్పునీళ్ళు ఎగదన్నిన ఏడాది చేను చేనంతా ఎర్రబడి నిలబడేది, కౌలు మాత్రం ఇచ్చుకోవాల్సిందే. అలాంటి ఒక ఏడాది గట్టు మీద కూర్చుని ఆయన అన్నాడు, "దీన్ని మాత్రం మడిలోకి దిగనివ్వనే." దీన్ని అంటే మా అమ్మాయిని. మాకు ఒక్కతే.

ఇంటర్లో దానికి మంచి మార్కులు వచ్చాయి. గుడివాడలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచి, గుడివాడ నుంచి బందరు వెళ్ళే దారిలో ఒక కాలేజీలో చేర్పించాం. ఫీజు మా వల్ల అయ్యేది కాదు. ప్రభుత్వమే కడుతుంది. ఊరికే కట్టదని చేరిన రోజే ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

"నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలమ్మా. వేలిముద్ర మిషను ఉంది, రోజూ పొద్దున్నే వేలు వెయ్యాలి. పిల్ల ఏడాది ఆగిపోయిందనుకో, మళ్ళీ చదివే ఆ ఏడాదికి ఫీజు రాదు. మీరే కట్టుకోవాలి. అర్థమైందా?"

అర్థమైందండీ అన్నాం ముగ్గురం. మా బుర్రల్లో నిలిచింది మాత్రం వేలు ఒక్కటే.

ఎందుకు నిలవదు చెప్పండి. మాకు బియ్యం రావాలంటే వేలు. పింఛనుకి వేలు. బ్యాంకులో మన డబ్బు మనం తీసుకోవాలన్నా వేలు. వేలు పడితే మనిషి ఉన్నట్టు, పడకపోతే ఎదురుగా నిలబడి ఉన్నా లేనట్టు. మా అత్తగారికి ముసలితనంలో వేళ్ళు అరిగిపోయి ముద్ర పడేది కాదు. "మామ్మా, చెయ్యి కడుక్కుని రా" అనేవాడు డీలరు. ఆమె కడుక్కుని వచ్చేది. "మామ్మా, నూనె రాసుకుని రా." ఆమె రాసుకుని వచ్చేది. మేము అలా నేర్చుకున్నాం. వేలు పడిందా, పని అయిందా, ఇంటికి వెళ్ళామా. అంతే.

మొదటి ఏడాది బాగానే గడిచింది. అన్నీ పాసయింది. ఆ ఏడాది కాలేజీలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. పైతరగతి పిల్లలు కూడా, వేలు పడితే చాలు, మిగతాది ఆఫీసులో చూసుకుంటారు అనేవాళ్ళట.

రెండో ఏడాది మొదలయ్యేసరికి మా ఆయన కాళ్ళు వాచాయి. మొహం కూడా ఉబ్బింది. షుగరు ఎప్పటినుంచో ఉంది, లెక్క చేసేవాడు కాదు. అవనిగడ్డలో చూపిస్తే బందరు వెళ్ళమన్నారు. బందరులో రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చెయ్యాలి. కార్డు మీద ఉచితమే. మనిషి వెంట మనిషి మాత్రం ఉండాలి, లేకపోతే మంచం ఇవ్వరు. మధ్యలో బీపీ పడిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి, పట్టుకోవాలి, పిలవాలి.

మొదట్లో నేనే వెళ్ళాను. పొద్దున్నే బస్సు ఎక్కితే చీకటి పడ్డాక ఇల్లు. అప్పుడు నాట్ల రోజులు. నాట్లకి ముఠాగా వెళ్తాం మేము. ముఠాలో ఒకరు వారంలో సగం రోజులు రాకపోతే ఆ వరసలో ఇంకొకరిని పెట్టుకుంటారు. వాళ్ళదీ తప్పు కాదు. నన్ను తీసేశారు. ఆ సంగతి అమ్మాయికి ఎవరు చెప్పారో, ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు నాన్నని బస్సెక్కించు చాలు. బందరు బస్టాండులో నేను దింపుకుంటా."

"నీ కాలేజీయో?"

"పొద్దున్నే వేలేసి వస్తా. బస్సెక్కితే ఎంతసేపు?"

"సార్లు ఏమీ అనరా?"

"వేలు పడిద్దిగా అమ్మా. ఫీజుకి చూసేది వేలే."

నాకది సబబుగానే అనిపించింది. మా ఆయనకీ అనిపించింది. గుడివాడలో మా ఆడపడుచు కూడా, "పిల్లకి బుర్ర ఉంది వదినా, రెండూ నెట్టుకొస్తది" అంది.

ముఠాలో నన్ను మళ్ళీ పెట్టుకున్నారు. అలా జరిగింది నాలుగు నెలలు. నేను కండక్టరుకి చెప్పి ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టేదాన్ని. ఇది అక్కడ కాలేజీలో వేలు వేసి, బందరు బస్సు పట్టుకుని, బస్టాండులో ఎదురుచూసేది. ఒక ఆదివారం ముఠాకి పని లేక నేను కూడా వెళ్ళాను, ఆ వారం మిషను ఆదివారానికి మారింది. ఆయన చేతికి గొట్టాలు పెట్టి ఉన్నాయి, రక్తం అటు పోయి ఇటు వస్తోంది.

"చూశావా, నా రక్తాన్ని ఉతికి ఆరేస్తన్నారు" అన్నాడు నాతో.

"పిండొద్దని చెప్పు నాన్నా, చిరిగిపోద్ది" అంది అమ్మాయి.

పక్క మంచం ఆయన కూడా నవ్వాడు. ఇది మంచం కింద చెప్పులు పెట్టి, కాళ్ళు ముడుచుకుని స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకునేది. ఆయన నీళ్ళు తాగకూడదు. నాలుక పిడచ కట్టుకుపోయేది. ఇది గుడ్డ తడిపి పెదాలకి అద్దేది. పాఠం చదువుతూనే అద్దేది, చూడకుండా. ఆ చెయ్యి నోరు ఎక్కడుందో అక్కడికి దానంతట అదే వెళ్ళేది. ఆయనకి కొంచెం తెలివిగా ఉంటే, "ఇవాళ కాలేజీ లేదా?" అని అడిగేవాడట. "వేలేసి వచ్చాలే నాన్నా" అంటే కళ్ళు మూసుకునేవాడట.

కోతలు మొదలయ్యే ముందు పోయాడు. మిషను మీదే, పట్టపగలు. నేను చేలో ఉన్నాను. అమ్మాయి ఒక్కతే ఉంది దగ్గర. ఆ సంగతి ఎక్కువ చెప్పను.

సమాధి కార్యక్రమం అయింది. రోజూ సాయంత్రం ఇంట్లో ఆదరణ కూడిక జరుగుతోంది. పాటలు పాడుతున్నారు, ప్రార్థనలు చేస్తున్నారు, వచ్చినవాళ్ళకి టీ ఇస్తున్నాం. అలాంటి ఒక సాయంత్రం అమ్మాయి ఫోన్ చూసుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఏంటే?"

"లిస్టు పెట్టారంట అమ్మా. పరీక్షలకి కూర్చోనివ్వనివాళ్ళది. నా పేరుంది."

"నీదెందుకుంటది? వేలేశావుగా?"

"ఈ ఏడాది నుంచి పీరియడ్ పీరియడ్‌కీ సార్లు ఫోన్‌లో హాజరు వేస్తన్నారంట. యూనివర్సిటీ చూసేది అదంట. నాకు అరవై మూడొచ్చింది."

డెబ్బై అయిదు ఉండాలి. అరవై అయిదు దాటితే జబ్బు చేసిందని కాగితం పెట్టి, జరిమానా కట్టి, క్షమించమని అడగొచ్చు. అరవై అయిదు లోపు ఉంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. హాల్ టికెట్ రాదు. పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టు. ఏడాది పోతే ఫీజు రాదు. గుమాస్తా మొదటి రోజు చెప్పిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి అప్పుడు నాకు తెలిసొచ్చాయి.

మా పేటవాళ్ళం ఆఫీసుకి ఒంటరిగా వెళ్ళం. మాట్లాడే మనిషిని వెంటబెట్టుకుని వెళ్తాం. పోలీసు స్టేషనైనా, మండలాఫీసైనా, పెళ్ళిచూపులైనా అంతే. మనం నిలబడతాం, ఆయన మాట్లాడతాడు. మా సంఘంలో పెద్దాయన ఒకరున్నారు, నాకు వరసకి మావయ్య. తెల్లచొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వస్తారు. ఆయన మాట్లాడితే పనులు అవుతాయని మా పేటలో పేరు. ఆయన్ని అడిగాను. "పదండి, నేనున్నాగా" అన్నారు. ముగ్గురం వెళ్ళాం.

ప్రిన్సిపాల్ గది బయట చాలాసేపు నిలబెట్టారు. లోపలికి వెళ్ళాక ఆయన కూర్చోమన్నాడు. చెడ్డవాడేం కాదు, నిజమే చెప్పాలి. నా మొహం చూశాడు, అమ్మాయి మొహం చూశాడు. కంప్యూటర్లో ఏదో తీసి చూశాడు.

"మార్కులు బాగున్నాయమ్మా నీకు. ఏమైంది మరి?"

"నాన్నకి డయాలసిస్ సార్. తోడు లేకపోతే మిషను ఎక్కించరు సార్."

"ముందే ఒక మాట చెప్పొచ్చుగా? అర్జీ పెట్టుకుంటే ఏదో దారి చూసేవాళ్ళం."

ఇది తల దించుకుంది. చెప్పాలని మాకేం తెలుసు.

ఆయన గుమాస్తాని పిలిచాడు. ఇద్దరూ తెరమీద చూస్తూ మాట్లాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది. ఎన్నెస్సెస్ కింద కొన్ని పీరియడ్లు కలపొచ్చట. ఒక మేడమ్ రెండు మూడు రోజులు వెయ్యడం మర్చిపోయిందట, అవి వేయించొచ్చట. "అరవై అయిదు దాటిద్దా?" అన్నాడు ప్రిన్సిపాల్. "దాటించొచ్చు సార్" అన్నాడు గుమాస్తా. ప్రిన్సిపాల్ పెన్ను తీశాడు.

అంతవరకూ మా మావయ్య గారికి మాట్లాడే అవకాశం రాలేదు. పాపం, అంత దూరం వచ్చారు. పని అయిపోతోంది, తన మాట ఒకటి పడలేదు. కుర్చీలో ముందుకి జరిగి, చేతులు కట్టుకుని మొదలుపెట్టారు.

"అయ్యా, తమరు దయగలవారు. ఈ పిల్ల గురించి మా పేటలో ఎవర్నైనా అడగండి. కాలేజీ అంటే ప్రాణం. ఒక్కరోజు మానలేదండి. తండ్రి చావుబతుకుల్లో ఉన్నా సరే, పొద్దున్నే వచ్చి వేలేసి, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళేదండి. కావాలంటే తమరి మిషను చూస్కోండి. అన్ని రోజులూ వేలు పడి ఉంటది."

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి నాకు ఎందుకో తెలీదు. ప్రిన్సిపాల్ పెన్ను కింద పెట్టాడు.

"వేలేసి వెళ్ళిపోయేదా?"

"రోజూ అండి! వర్షంలో కూడా."

ఆయన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నేల చూశాడు.

"పెద్దాయనా, ఆ వేలు నేరుగా ప్రభుత్వానికి వెళ్తుంది. ఆ రోజు ఈ అమ్మాయి క్లాసులో ఉందని దాని అర్థం. లేదు. లేని రోజుకి ఉన్నట్టు చూపించి మేము ఫీజు తీసుకున్నట్టు అవుతుంది. ఇప్పుడు నేను పీరియడ్లు కూడా కలిపాననుకోండి, రేపు తనిఖీకి ఎవరైనా వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే? అందరం కూడబలుక్కుని చేశామంటారు."

"అయ్యో, అలా కాదండి, నేను చెప్పొచ్చేది..."

"మీరీ మాట నా ముందు అనకుండా ఉండాల్సింది. విన్నాక నేను విననట్టు ఉండలేను."

నేను లేచి నిలబడ్డాను. "సార్, అది ఎక్కడికీ తిరగడానికి వెళ్ళలేదు. వాళ్ళ నాన్న నోట్లో తడిగుడ్డ పెట్టడానికి వెళ్ళింది. ఆసుపత్రిలో అడగండి సార్, సిస్టర్లందరికీ తెలుసు." గొంతు పెద్దదైపోయింది. బయట పిల్లలు తొంగిచూశారు. కాళ్ళు పట్టుకోబోతే ఆయన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, వద్దు. నాకూ తండ్రి ఉన్నాడు. ఆ అమ్మాయి మీద వేరే చర్య తీసుకోకుండా మాత్రం చూస్తాను. వచ్చే ఏడాది ఇదే క్లాసులో మళ్ళీ చేర్చుకుంటాం. అంతకంటే నా చేతుల్లో లేదు."

బయటికి వచ్చి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. మావయ్య గారు పక్కకి వెళ్ళి సోడాలు తెచ్చారు. ఎవరం తాగలేదు.

"నేనేం తప్పు మాట్లాడానే?" అన్నారు నాతో. "మంచి పిల్లని చెప్పుకోవాలిగా?"

నాకు నోటి దాకా వచ్చింది. అమ్మాయే అడ్డుపడింది.

"మీరు ఉన్నదే చెప్పారు తాతయ్యా."

"అదేగా నేననేది!"

"ఊఁ. అదే."

ఆయన కాసేపు గాజుసీసా తిప్పుకుంటూ నిలబడ్డారు. తర్వాత కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎవరి తరఫునా మాట్లాడటానికి వెళ్ళడం నేను చూడలేదు. పిలిస్తే ఒంట్లో బాగాలేదంటారు. నాకు ఆయన మీద కోపం ఉంది, లేదనను. కాని ఆయన్ని పిలిచింది నేనే, ఆయన వచ్చిందీ చెరుపుదామని కాదు. మా పేటలో నాలుగు తరాలుగా పిలవడం అంతే, రావడం అంతే.

ఊళ్ళోకి వార్త మాకంటే ముందే వచ్చింది. బోరింగు దగ్గర ఒకామె, "ఏం వదినా, పిల్ల తప్పిందంటగా?" అంది.

"తప్పలా. రాయనివ్వలా."

"ఏదైతే ఏంటిలే. మా మరిది చూశాడంట, ఎప్పుడు చూసినా బందరు బస్టాండులో నిలబడి ఉండేదంట."

బిందె అక్కడే వదిలేసి ఆమె మీదికి వెళ్ళాను. నలుగురు పట్టుకుని ఆపారు. ఆ బస్టాండులో అది ఎవరి కోసం నిలబడిందో ఆ నలుగురికీ తెలుసు. ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు.

అమ్మాయి ఊళ్ళో ఉండనంది. గుడివాడ వెళ్ళి మా ఆడపడుచు ఇంట్లోనే ఉంటూ ఒక బట్టల షాపులో చేరింది. పొద్దుటినుంచీ రాత్రి దాకా నిలబడే పని, కూర్చుంటే ఓనరు అరుస్తాడు. నేను ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నా, తిన్నా, పడుకుంటన్నా" అనేది. ఆ మూడు మాటలే, ఎండాకాలమంతా. దాని క్లాసు పిల్లలు మూడో ఏడాదికి వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు చీరలకి షాపుకి వచ్చారట, వాళ్ళెవరో తెలియనట్టు చీరలు విప్పి చూపించిందట. అది మా ఆడపడుచు చెప్పింది, అమ్మాయి చెప్పలేదు.

జూలైలో మళ్ళీ చేరే రోజు వచ్చింది. నేను గుడివాడ వెళ్ళాను.

"నేను వెళ్ళనమ్మా" అంది.

"ఎందుకు?"

"ఈ ఏడాది ఫీజు రాదు. నువ్వెక్కడినుంచి తెస్తావు?"

"అది నాకొదిలెయ్."

"మళ్ళీ అన్నీ పాసయితేనే మూడో ఏడాది నుంచి ఇస్తారంట. ఇస్తారో ఇవ్వరో కూడా గుమాస్తా గట్టిగా చెప్పలా. అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు చూద్దాం."

"నాకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని, చదివిందే చదవాలి."

"కూర్చో. చదువు. మీ నాన్న పోయింది నీ చేతుల్లో. నువ్వు ఆ షాపులోనే ఉండిపోతే, నాన్న వల్ల పోయింది నా చదువని నీకు ఎప్పుడో ఒకరోజు అనిపించిద్ది. ఆ మాట నీ మనసులోకి రావడం నాకిష్టం లేదు."

ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. మర్నాడు వెళ్ళి చేరింది. ఫీజు అప్పు తెచ్చి కట్టాను.

అప్పటినుంచీ రోజూ సాయంత్రం నేనడిగేది ఒకటే. "ఇవాళ ఎన్ని పీరియడ్లు?" "అన్నీ." "అన్నిట్లో ఉన్నావా?" "ఉన్నానమ్మా." తిన్నావా అని అడగడం మర్చిపోయిన రోజులున్నాయి.

మొన్న వర్షాలప్పుడు కలుపుకి వెళ్ళి గట్టు మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. పటుక్కుమని వినపడింది నాకే. ముఠాలో వాళ్ళు బందరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. మళ్ళీ అదే మాట, వెంట మనిషి ఉండాలి. మనిషి అంటే ఎవరు, అదొక్కతే. ఊళ్ళో కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళి వెదురుబద్దలు పెట్టించుకున్నాను. ఫోన్‌లో అమ్మాయికి చెప్పలేదు. చెప్పొద్దని ముఠాలో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను. ఎడమ చేత్తో వండుకుని, ఎడమ చేత్తో తిని, రోజులు గడిపాను.

ఆదివారం చెప్పకుండా వచ్చింది. గుమ్మంలో నిలబడి నా చెయ్యి చూసింది. వేళ్ళు నల్లగా వాచి ఉన్నాయి.

"ఎప్పుడైంది?"

"మొన్న."

"మొన్నంటే?"

"మొన్నంటే మొన్నే."

"ఎందుకు చెప్పలా?"

"చెప్తే వచ్చేస్తావు."

"వస్తాను మరి. రానా?"

"అందుకే చెప్పలా."

సంచి కింద పడేసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నీళ్ళు కాచి నాకు తలంటుపోసింది. వారాలయింది నేను తల రుద్దుకుని. చిక్కులు కట్టిపోయింది జుట్టు. వెనక కూర్చుని ఒక్కో చిక్కూ తీస్తూ అంది, "కట్టు వంకరగా ఉందమ్మా. ఇలా అతుక్కుంటే చెయ్యి మడవలేవు. నాట్లు వెయ్యలేవు. రేపు బందరు వెళ్దాం."

"రేపు సోమవారం."

"ఒక్కరోజు."

"ఎంతుంది నీ హాజరు?"

ఇంకో చిక్కు పట్టుకుంది.

"దసరా సెలవులిస్తారుగా. అప్పుడు వెళ్దాం" అన్నాను.

"అప్పటికి అతుక్కుపోయిద్ది."

"అతుక్కుంటే అతుక్కోనీ."

దువ్వెన ఆగింది. తర్వాత మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది, గట్టిగా, తల నొప్పి పుట్టేలా. నేను ఆపమనలేదు. సోమవారం తెల్లారకముందే లేపి పంపించేశాను.